తడిసిన పొట్టు

బరంపురంలో ఫార్మసీ కాలేజీ వెనక
కిటికీ లేని గది నాది.
గోపాలపురం రేవులో పుట్టి
వల లాగాల్సిన చేతుల్తో
ఎలుకలకి నీళ్లు పడతాను.
ఇరవై నాలుగు. తెల్లవి. ఎర్రకళ్లవి.
పచ్చటి మందుతో ఒకదానికి తలమీద, ఒకదానికి వీపుమీద,
ఒకదానికి తోక మొదట్లో చుక్క.
సస్మిత దీదీకి అవి నంబర్లు.
నాకు అన్నీ "ఓలమ్మా"లే.
"ఓలమ్మా, కదలకే" అంటాను
మెడ వెనక తోలు మడతపట్టి ఎత్తుతూ.

ఆ సోమవారం పద్దెనిమిదింటికి సూదిమందు ఎక్కించారు.
ఇన్సులిన్ చేసే గూళ్లు లోపల కాలిపోతాయంది దీదీ,
సగం ఒడియాలో, సగం నాకోసం తెలుగులో.
కాలేముందు దాచుకున్నదంతా
ఒక్కసారే కక్కేస్తాయట.
అందుకని ఆ ఒక్క రాత్రికీ
సీసాల్లో చక్కెర నీళ్లు పోశాం,
తెల్లారేలోగా చచ్చిపోకుండా.
పట్టినదాని ప్రాణానికి ఇంత కాపలా
మా పడవమీద నేనెప్పుడూ చూళ్లేదు.

నాలుగోనాటికి
మజ్జాన్నానికే సీసాలు ఖాళీ.
రెండుపూటలా పొట్టు మార్చినా
చెయ్యి పెడితే తడి.
ఆ తడి వాసన పట్టి
గోడవార నుంచి చీమల బారు.
దీదీ పుస్తకంలో రాసుకుంది.
నేను చీపురు పట్టుకుని
అక్కడే నిలబడిపోయాను.

ఈ చీమల్ని నేనెరుగుదును.
మా ఇంటెనక, సరుగుడు కింద,
రాత్రికి నాలుగుసార్లు లేచి
నేను నిలబడే చోటికి కూడా
ఇలాగే వస్తున్నాయి, మూడు నెల్లుగా.
గున్నమ్మ బూడిద చల్లుతోంది.
కుండలో నీళ్లన్నీ ఎవులు తాగేత్తన్నారని
పిల్లల్ని తిడుతోంది.

గురువారం తోక కొసన పొడిచి
రక్తం చుక్క చూసే రోజు.
పదిహేడో ఎలుక: మూడొందల ఎనభై ఎనిమిది.
దీదీకి ఫోనొచ్చి వసారాలోకి వెళ్లింది.
కొత్త సూది. నా ఉంగరం వేలు.
మిషను అయిదు లెక్కపెట్టి చూపించింది:
మూడొందల నలభై ఒకటి.
ఎలుకకీ నాకూ తేడా లేకుండా
అదే కూత కూసింది.
ఏం చేస్తున్నానో తెలీకుండానే
అలవాటు చెయ్యి పుస్తకంలో రాసేసింది.

శనివారం పెద్దసారు వేలు పెట్టి అడిగారు:
పదిహేడుకీ పద్దెనిమిదికీ నడుమ
ఈ అంకె ఎవరిది?
గుంపులో లేనిది లెక్కకి రాదు, కొట్టేయండి.
దీదీ కొట్టేసింది.
కొట్టేసి, నా చేతికేసి ఒకసారి చూసి,
అదే అంకె చిన్న చీటీమీద ఎక్కించి
నా చొక్కా జేబులో పెట్టింది.
"దానేసు భాయ్, కాలి" అంది.
వాళ్ల భాషలో కాలి అంటే రేపు.

రేపు ఆస్పత్రి వరసలో నిలబడ్డప్పుడు
ఊసుపోక చెప్పింది:
చేపల్లో కూడా ఉంటుందట ఆ గూడు,
పెద్ద చేపల్లో అయితే విడిగా,
చేదుతిత్తి పక్కన, తెల్లటి పూసలా.
నాకు నవ్వొచ్చింది.
ఎన్ని కోనేల పొట్ట చీరి
ఎన్ని పూసలు కాకులకి విసిరాం!
మా అమ్మ దాన్ని ముత్యం అనేది, ఎగతాళికి.

ఇరవై ఎనిమిదో రోజున
ఇరవై నాలుగు ముక్కలూ సీసాల్లోకి వెళ్లాయి.
బోనులు కడిగాను. పొట్టు ఎండింది.
ఏ ఆకు పసరు ఏ గుంపుని ఆదుకుందో
దీదీ చెప్పబోయి, నా మొహం చూసి, ఆపేసింది.

ఆ సాయంత్రం
గున్నమ్మ చేపల చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.
ఎలా పట్టాలో నేనే చూపించాను,
బొడ్డుకి బెత్తెడు పక్కన, తోలు మడతపెట్టి.
సూది పట్టుకున్న దాని వేళ్లు ఒణుకుతున్నాయి.
"ఓలమ్మా," అంది, "కదలకు మరి."

గదిలో నేను అనే మాట
దానికెప్పుడూ చెప్పలేదు.
కదల్లేదు నేను.